తాలు ఏరిన చేతుల షర్బత్

మా ఇంట్లో పుచ్చకాయ షర్బత్ తాగినవాళ్లు రెండో గుక్క దగ్గర ఆగుతారు. గ్లాసు కిందికి దించి లోపలికి ఓసారి తొంగి చూస్తారు. తీపి తెలిసింది, నిమ్మపులుపు తెలిసింది, చల్లదనం గొంతు దిగింది, ఇక అయిపోయిందనుకునేసరికి నాలుక చివర సన్నగా చురుక్కుమంటుంది. "ఇండ్ల మిరుపకాయ గిట్ల పడ్డదా ఏంది?" అని అడుగుతారు. "పడలే, ఏసినం" అంటాను నేను. వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినిపిస్తుంది.

వేసేది ఒక్కటే కాయ. ఎండిన ఎర్రమిరపకాయను నిలువునా చీల్చి, గింజలు దులిపి, పిండిన నిమ్మరసంలో కాసేపు నానబెట్టి తీసేస్తాం. ఆ నిమ్మరసమే షర్బత్‌లో కలుపుతాం. ఇది ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే యూట్యూబ్‌లో చూశామని చెప్పి తప్పించుకుంటుంది మా ఆవిడ. నాకు అలా తప్పించుకోవడం చేతకాదు. అడిగినవాళ్లను కూర్చోబెట్టి మొత్తం చెప్తాను. ఇప్పుడు మీరూ కూర్చోండి.

మట్టెవాడలో మాది స్టీలు సామాన్ల దుకాణం. తాత పెట్టాడు, నాన్న నడిపాడు, ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. మాది నోరున్న ఇల్లు. గిన్నె అమ్మాలంటే గిన్నెకంటే మనమే ఎక్కువ మోగాలి. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు దించేదాకా మాట్లాడుతూనే ఉంటాం, ఇంటికొచ్చాక దుకాణంలో ఏం మాట్లాడామో మళ్లీ చెప్పుకుంటాం. ఎవరైనా ఎదురుగా కూర్చుని నోరు మెదపకపోతే మా నాన్నకు ఆ మనిషికి జ్వరమొచ్చిందేమోనని అనుమానం వస్తుంది. నేనూ ఆ చెట్టు కాయనే.

మా ఆవిడ హన్మకొండలో చదువుకునే రోజుల్లో టిఫిన్ డబ్బా కొనడానికి మా దుకాణానికి వచ్చింది. మూత బిగుతుగా లేదని నాతో అరగంట గొడవపడి, కొనకుండానే వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చి అదే డబ్బా గురించి మళ్లీ గొడవపడింది. మూడోరోజు ఆమె కోసం నేనే ఎదురుచూశాను. ఆ గొడవ అలా పెరిగి పెరిగి పెళ్లిదాకా వచ్చింది. మా వాళ్లు నెలరోజులు మొహం మాడ్చుకుని, తర్వాత చుట్టాల లిస్టు రాయడంలో మునిగిపోయారు. వర్ధన్నపేట అవతల మిర్చి పండించే ఆమె బాపు మాత్రం కదలలేదు.

పెళ్లికి వచ్చాడు. అక్షింతలు వేశాడు. భోజనం చేయకుండా వెళ్లిపోయాడు. వెళ్లేముందు కాళ్లకు మొక్కడానికి వంగితే, నా చేతుల వైపు చూసి పక్కనున్న మా అత్తతో ఒక మాట అన్నాడు. "చేతులు సూడు, పూరీ పిండి లెక్క మెత్తగున్నయ్. గీ చేతులల్ల బిడ్డను పెట్టినం." మేం వేరే కులంవాళ్లమని కోపం వచ్చిందనుకున్నాను గాని, అసలు కోపం నా చేతుల మీదని అప్పుడు తెలిసింది. ఆ రోజంతా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఫొటోలన్నింటిలో వెనక్కి దాచుకుని నిలబడ్డాను. ఇప్పటికీ ఆల్బమ్ చూసినవాళ్లు, ఏం దాస్తున్నావని అడుగుతారు.

ఆ తర్వాత పది నెలలు మామ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఒక్కటంటే ఒక్కటి. అత్తకు ఫోన్ చేసి బతిమిలాడి నాలుగైదుసార్లు వెళ్లాం. వెళ్తే మర్యాదకు లోటు ఉండేది కాదు. కోడికూర ఉండేది, మంచం మీద కొత్త దుప్పటి ఉండేది. మాట మాత్రం నేరుగా నాకు వచ్చేది కాదు. నేను ఎదురుగా కూర్చుని తింటుంటే అత్తతో అనేవాడు, "ఇంకో ముక్క ఏసుకోమని జెప్పు." నేను నీళ్ల కోసం చూస్తే కూతురితో అనేవాడు, "చెంబు మీ ఆయన పక్కకే ఉన్నదని జెప్పు." చెంబు నా పక్కనే ఉండేది, మాట మాత్రం చుట్టూ తిరిగి వచ్చేది.

ఎవరూ లేకపోతే నోరు మూసుకునేవాడా అంటే అదీ లేదు. ఒకసారి పొద్దున్నే నేను దొడ్లో పళ్లు తోముకుంటుంటే చేతిలో పాలచెంబుతో వచ్చాడు. నేను దారికి అడ్డంగా ఉన్నాను. అత్త ఇంట్లో ఉంది, మా ఆవిడ ఇంకా లేవలేదు. మామ కాసేపు అటూ ఇటూ చూసి, కట్టేసి ఉన్న బర్రె వైపు తిరిగి అన్నాడు. "జర పక్కకు జరుగుమని జెప్పవే." బర్రె నా వైపు చూసింది. నేను జరిగాను. ఆ రోజు తిరుగు ప్రయాణంలో బండి మీద మా ఆవిడ పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మాట్లాడకుండా ఉండడం నా ఒంటికి పడదు. బర్రెకు దక్కిన మాట నాకు దక్కలేదని వారం రోజులు ఉడికిపోయాను.

నవ్వింది గాని, తనకూ లోపల కష్టంగానే ఉందని నాకు ఫిబ్రవరిలో తెలిసింది. మిర్చి కల్లానికి వచ్చిందని, ఓసారి వచ్చిపొమ్మని అత్త ఫోన్ చేసింది. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ బట్టలు సర్దుకోకుండా మంచం మీద కూర్చుంది. "ఈసారి బాపు నీతోటి మాట్లాడకపోతే నేను గూడ ఇగ పోను" అంది. "నువ్వు గోడ అయినట్టు నిన్ను దాటేసి నాతోని మాట్లాడుతాంటే, ఆడ నాకు అన్నం దిగుతలేదు. అమ్మను సూడబుద్దయితే ఇక్కడికే రమ్మంట." ఉత్తగా బెదిరించే మనిషి కాదు. టిఫిన్ డబ్బా మూత విషయంలోనే వెనక్కి తగ్గలేదు. నాకు భయమేసింది. నా మెత్తటి చేతుల వల్ల ఒక ఆడపిల్లకు పుట్టిల్లు లేకుండా పోతుందా అని రెండు రోజులు దుకాణంలో కూడా సరిగ్గా మాట్లాడలేదు. మా నాన్న నా నుదురు పట్టుకుని చూశాడు.

వెళ్లాక ఒక సంగతి తెలిసి ఆ భయం ఇంకా పెరిగింది. మామ ఇల్లు చేనులోనే ఉంటుంది. ఇంటికి, మిర్చి ఆరబోసే కల్లానికి మధ్య బోరు, బోరు కింద నీళ్లు పట్టే సిమెంటు హౌజు ఉంటాయి. ఆ హౌజు పక్కన పది పాదుల్లో పుచ్చతీగలు పాకి, ఆకుల కింద కాయలు దొర్లి ఉన్నాయి. అత్త నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "చిన్నప్పటి సంది పిల్లకు పుచ్చకాయంటే పానం. అందుకే ఏటా పది పాదులు పెడ్తడు. ఈసారి పిల్ల లేదు గదా, పెట్టడనుకున్న. పెట్టిండు. ఎవలకయ్యా అంటే, ఇత్తనాల పాకిటు మిగిలింది, పారెయ్యమంటవా అన్నడు." ఆ పది పాదుల్నీ చూస్తూ నిలబడ్డాను. అలిగిన మనిషి కూతురి కోసం నీళ్లు కట్టి పెంచిన కాయలవి. ఆ కూతురు ఇక రానని నాతో చెప్పి వచ్చింది. ఆ మాట మామకు తెలియదు. నాకు మాత్రమే తెలుసు.

ఇక లాభం లేదు, ఈ రోజు ఏదో ఒకటి చేసి ఈ మనిషిని మాట్లాడించాలి అనుకున్నాను. కల్లం దగ్గరికి వెళ్లాను. నేల మీద పట్టాలు పరిచి వాటి మీద మిర్చి పోశారు. కళ్లు చెదిరే ఎరుపు. ఆరుగురు ఆడవాళ్లు కొంగులు ముక్కుకు చుట్టుకుని వరుసగా కూర్చుని తాలు ఏరుతున్నారు. తెల్లబడ్డ కాయ, మచ్చపడ్డ కాయ తాలు. మార్కెట్‌కు పోకముందే దాన్ని మంచి కాయలోంచి తీసేయాలి. నేను దగ్గరికి రావడం చూసి, బస్తాల దగ్గరున్న మామ ఆ ఆడవాళ్లలో పెద్దామెతో అన్నాడు. "ఆయనకు జెప్పు, గిది ఆయన వశం గాదు. నీడకు పోయి కూసోమను."

అంతే, నాకు ఎక్కడో కాలింది. చెప్పులు విప్పి, ప్యాంటు పైకి మడిచి, పెద్దామె పక్కనే చతికిలబడ్డాను. ఆమె పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది. "మట్టెవాడ అల్లుడు తాలు ఏరుతాండు సూడుండ్రే!" అని మిగతావాళ్లకు చాటింది. ఏరడం మొదట తేలికే అనిపించింది. కాసేపటికి అన్నీ ఎర్రగానే కనిపించాయి, ఇంకాసేపటికి అన్నీ తెల్లగా కనిపించాయి. నేను తాలు అనుకుని పడేసినవాటిని పెద్దామె మళ్లీ కుప్పలో వేసేది, మంచివి అనుకున్నవాటిని తీసి పారేసేది. తుమ్ములు వరసగా వచ్చాయి. ఒకామె, "అల్లుడా, చెయ్యి కంటికి పెట్టకు, ముక్కుకు పెట్టకు, ఇంకెక్కడ గూడ పెట్టకు" అంది. కల్లమంతా గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది. మాట్లాడే మనుషుల మధ్య కూర్చుంటే నాకు ఎండైనా ఒకటే, మిర్చి ఘాటైనా ఒకటే. గిన్నెలు కొనడానికి వచ్చి గిన్నె తప్ప అన్నీ మాట్లాడి వెళ్లేవాళ్ల కథలు చెప్పాను. వాళ్లు చేతులు ఆపకుండా నవ్వారు. బస్తాల దగ్గర మామ మా వైపు చెవి పెట్టాడో లేదో తెలియదు.

పొద్దు తిరిగేదాకా లేవలేదు. అన్నం కూడా అక్కడే చెంచాతో తిన్నాను. లేచేసరికి అరచేతులు వెచ్చగా, వేళ్లు చిమచిమలాడుతూ ఉన్నాయి. పనిచేసిన చేతులు ఇలాగే మండుతాయి కాబోలు అనుకుని లోలోపల మురిసిపోయాను. హౌజు దగ్గర సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. పొద్దున్నే వచ్చిన ఆడవాళ్లంతా చేతులకు నూనె పట్టించుకునే కుప్ప ముందు కూర్చున్నారనీ, మిర్చి ఘాటు సబ్బుకు పోదనీ నాకు ఎవరూ చెప్పలేదు. మధ్యలో వచ్చి కూర్చున్న మనిషికి తెలిసే ఉంటుందని వాళ్లనుకున్నారు.

కడుక్కుంటుంటే కాయలు కనిపించాయి. అప్పుడే షర్బత్ ఆలోచన వచ్చింది. మా అమ్మ చేసే పుచ్చకాయ షర్బత్‌కు మట్టెవాడలో మా వీధంతా అలవాటుపడి ఉంది. నాకు చేతనైన వంట అదొక్కటే, అదీ పొయ్యి లేనిది కాబట్టి. "అందరికి షర్బత్ జేస్త" అని ప్రకటించాను. అత్త ఆగమైపోయింది. "అయ్యో, అల్లుడు పనిజేసుడేంది, నలుగురు ఇంటే నవ్వుతరు బిడ్డా, నువ్వు కూసో" అంది. మా ఆవిడ మాత్రం కొడవలి తీసుకుని తీగల్లోకి దిగింది. కాయను వేలితో కొట్టి చూసి, కింద పసుపుపచ్చ మచ్చ ఉందో లేదో తిప్పి చూసి, నాలుగు పెద్దవి కోసింది. అవి హౌజు నీళ్లలో చల్లబడడానికి వదిలాం. కాయలు నీళ్లలో తేలుతూ ఒకదాన్నొకటి తోసుకుంటుంటే, తను చిన్నపిల్ల అయినట్టు వాటిని ముంచుతూ ఆడుకుంది. ఆమెను అలా చూసి, ఈ ఇంటికి తను రాకుండా ఎలా ఉంటుందని మళ్లీ గుబులేసింది.

మా అమ్మ పద్ధతిలో మిక్సీ లేదు. మిక్సీలో వేస్తే గింజలు నలిగి చేదొస్తుంది, పైన నురగ తేలుతుంది. సగం కాయ చిన్న ముక్కలుగా కోయాలి, మిగతా సగం చేత్తో పిసికి గుజ్జు చేయాలి. ముక్కలు కోసే పని మా ఆవిడ తీసుకుంది. సబ్జా గింజలు నానబెట్టి, ఇంటి వెనక పుదీనా తెంపుకొచ్చింది. నేను పెద్ద బగోనె ముందు పెట్టుకుని, మోచేతులదాకా చొక్కా మడిచి, ఎర్రటి కండను రెండు చేతులా పిసికాను. వేళ్ల సందుల్లోంచి రసం జారుతుంటే చేతుల మంటకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ హాయి కోసం అవసరమైనదానికంటే ఎక్కువసేపే పిసికాను. గింజలు ఏరి, నిమ్మకాయలు పిండి, ఆ పిప్పులను కూడా అదే చేత్తో నలిపి, నల్ల ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, కొంచెం చక్కెర వేశాను. ముక్కలూ సబ్జా కలిపి, ఫ్రిజ్‌లోని ఐసుగడ్డలు బోర్లించాను. రుచి చూడలేదు. అమ్మ చూడదు కాబట్టి నేనూ చూడను. ఆ గర్వం మా ఇంటిది.

గ్లాసులు చాలలేదు. అప్పుడు అత్త అటక మీదనుంచి ఒక అట్టపెట్టె దింపింది. పెళ్లయిన కొత్తలో నేను తెచ్చిన డజను గ్లాసులు. వాటి మీద మామ పేరు నేనే మా దుకాణం మెషీన్‌తో చెక్కాను. ప్రతి గ్లాసుకూ పేరు కింద చిన్న పువ్వు కూడా వేశాను. మామ వాటిని తాకలేదు. కట్టిన దారం కూడా విప్పలేదు. ఆ రోజు అత్తే దారం తెంపి, కడిగి, నా ముందు వరసగా పెట్టింది.

మొదటి గ్లాసు మామకు తీసుకెళ్లాను. ఆయన పక్కనున్న బస్తా మీద పెట్టి, ఏమీ అనకుండా వచ్చేశాను. ఏమన్నా అంటే మళ్లీ జవాబు బర్రెకు వెళ్తుందని భయం. మామ గ్లాసు మీది పేరు చూశాడు, కింది పువ్వు చూశాడు, తాగలేదు. పనిచేసినవాళ్లందరికీ అందాకే తాను తాగడం ఆయన అలవాటు. పెద్దామెకు, మిగతా ఆడవాళ్లకు, అత్తకు, మా ఆవిడకు అందరికీ పోశాను. "ఇగ తాగుండ్రి" అన్నాను, సత్రంలో వడ్డించినంత దర్జాగా.

ఒక గుక్కకు అందరి మొహాలూ విచ్చుకున్నాయి. "మస్తుంది" అంది పెద్దామె. రెండో గుక్కకు ఆమె కళ్లు పెద్దవయ్యాయి. మూడో గుక్క ఎవరూ తాగలేదు. ఒకామె గ్లాసు కింద పెట్టి రెండు చేతులతో నోరు విసురుకుంది. ఇంకొకామెకు పొలమారింది. మిరపకాయను ఉప్పుతో నంజుకుని జొన్న గటక తినే నోళ్లే అవన్నీ. కాని తీపికని తెరిచిన నోట్లోకి కారం దిగితే ఎంతటివాళ్లయినా ఆగమవుతారు. "ఓరి నీ షర్బత్ పాడుగాను, ఏమేసినవ్ అల్లుడా!" అని పెద్దామె లేచి హౌజు వైపు పరుగెత్తింది. ఆమె వెనక అందరూ. అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుని దగ్గుతూ పరుగెత్తింది. మా ఆవిడ ఒక్క అడుగు వేసి వెనక్కి తిరిగి నా చేతుల వైపు చూసింది, ఏం జరిగిందో ఆమెకు అప్పుడే అర్థమైంది. నవ్వు, దగ్గు ఒకేసారి వచ్చి, పొట్ట పట్టుకుని వంగిపోయి, అలాగే హౌజు దగ్గరికి వెళ్లింది. బోరు పైపు కింద ఎనిమిది తలలు ఒకదాని మీద ఒకటి.

నేను నా గ్లాసు నోట్లో పెట్టుకుని చూశాను. నా చేతుల్లోని మిర్చి అంతా అందులో ఉంది. భూమి చీలితే దిగిపోదామనిపించింది. ఉన్న ఒక్క అవకాశాన్నీ నేనే, నా రెండు చేతులతో, పిసికి పెట్టాను. ఇక మా ఆవిడ ఈ ఇంటికి రాదు, కారణం షర్బత్ అని నా మనవలకు చెప్పుకోవాలి. మెల్లగా మామ వైపు తిరిగాను.

మామ తాగుతున్నాడు. ఆగకుండా, అలాగని గడగడమనీ కాదు, టీ తాగినట్టు ఒక్కో గుక్కా తాగుతున్నాడు. గ్లాసు ఖాళీ అయ్యింది. కళ్లలోంచి నీళ్లు బుగ్గల మీదికి దిగి, మీసాల దగ్గర ఆగాయి. తువ్వాలతో తుడుచుకున్నాడు. మళ్లీ వచ్చాయి. మళ్లీ తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఏదో చెప్పడానికి నోరు తెరిచి, అలవాటు కొద్దీ ఎవరి ద్వారా చెప్పాలా అని పక్కకు చూశాడు. అత్త లేదు, హౌజు దగ్గర పుక్కిలిస్తోంది. కూతురు లేదు. పెద్దామె లేదు. ఆడవాళ్లెవరూ లేరు. దొడ్డి వైపు కూడా చూశాడు. బర్రె మేతకు పోయింది. కల్లంలో మేమిద్దరం, మా మధ్య ఒక బగోనె, అంతే.

మామ నా వైపు చూశాడు. పది నెలల్లో మొదటిసారి, నా మొహంలోకి.

"తాలు ఏరేముందు చేతులకు జర నూనె రాసుకోవాలె బిడ్డా" అన్నాడు.

పొద్దంతా వాగిన నోరు, దుకాణం నడిపిన నోరు, అసలు అవసరమైనప్పుడు మూగదైపోయింది. తల మాత్రం ఊపాను. మామ గ్లాసు ముందుకు చాపాడు. "ఇంకో గిలాస పొయ్యి. మంచిగుంది." పోశాను. సగం బస్తా మీద పడింది. అప్పుడు నోరు తెరుచుకుంది, ఇక ఆగలేదు. సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాననీ, మా అమ్మ రుచి చూడదనీ, గ్లాసు మీద పువ్వు నేనే చెక్కాననీ, పెళ్లినాడు అన్నం తినకుండా పోయినందుకు మా నాన్న ఇప్పటికీ బాధపడతాడనీ, ఒకదాని వెనక ఒకటి అన్నీ చెప్పేస్తున్నాను. మామ చేయి ఎత్తాడు. "జర ఆగు. తాగనియ్యి" అన్నాడు.

రెండో గ్లాసు కూడా తాగాడు. లేచి, బస్తాల వెనక పెట్టిన నూనె సీసా తెచ్చాడు. నా అరచేతులు తిప్పి చూశాడు. వేళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. పూరీ పిండి మాట ఆయనకు గుర్తొచ్చిందో లేదో, నాకు మాత్రం గుర్తొచ్చి వెనక్కి లాక్కోబోయాను. ఆయన వదల్లేదు. నూనె పోసి, తన బొటనవేలితో నా అరచేతిలో రుద్దాడు. ఆ బొటనవేలు ఎంత గరుకుగా ఉందంటే ఆ మంట మీద ఇంకా మండింది. అయినా చేయి తీయబుద్ధి కాలేదు. నా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ మండలేదు.

హౌజు దగ్గరనుంచి వాళ్లు తిరిగి వచ్చేసరికి మామ నా చేతులు పట్టుకుని ఉన్నాడు, నేను ఏదో చెప్తున్నాను, ఆయన "ఊఁ" కొడుతున్నాడు. అత్త నోట్లో నీళ్లు అలాగే ఉంచుకుని ఆగిపోయింది. పెద్దామె, "ఓ, మాట్లాడుతాండు!" అని పక్కామెను మోచేత్తో పొడిచింది. మా ఆవిడ తడి మొహంతో నిలబడి మా ఇద్దర్నీ చూసింది. తర్వాత వెనక్కి తిరిగి హౌజు దగ్గరికి వెళ్లి, శుభ్రంగా ఉన్న మొహాన్ని మళ్లీ కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

బగోనెలో మిగిలిన షర్బత్ పారబోస్తారనుకున్నాను. ఇంకో కాయ కోసి, ముక్కలు కలిపి, ఇంకో రెండు నిమ్మకాయలు పిండి మా ఆవిడ దాన్ని పలచన చేసింది. నూనె చేతులని నన్ను ముట్టుకోనివ్వలేదు. ఈసారి ఎవరూ పరుగెత్తలేదు. చురుక్కుమనగానే పెద్దామె నా వైపు చూసి నాలుక చప్పరించి, "గిట్లనే ఉండనియ్యి, గిది మంచిగుంది" అంది. కల్లంలో కూర్చుని అందరం మామ పేరున్న గ్లాసుల్లో తాగాం. మా షర్బత్‌లోకి మిరపకాయ అలా వచ్చింది.

సాయంత్రం ఎండ తగ్గాక బయల్దేరాం. మామ బండి ముందు రెండు పుచ్చకాయల సంచి పెట్టి, పక్కకు ఒక మిర్చి సంచి కట్టాడు. కట్టిన తాడు లాగి చూశాడు, ముడి విప్పి మళ్లీ కట్టాడు. మా ఆవిడ నా పక్కనే, చేతికి అందేంత దూరంలో, హెల్మెట్ పట్టుకుని నిలబడి ఉంది. మామ ఆమె వైపు చూడలేదు. నాతో అన్నాడు.

"ఉగాదికి గూడ రావాలెనని మీ ఆమెకు జెప్పు. పాదులు ఇంక కాస్తయి."

నేను మా ఆవిడ వైపు తిరిగాను. "ఉగాదికి రమ్మంటాండు మీ బాపు" అన్నాను.

ఆమె పెదవులు బిగబట్టుకుంది. నవ్వు ఆపుకుంటోందో ఏడుపు ఆపుకుంటోందో నాకు తెలియలేదు. ఆమెకూ తెలిసినట్టు లేదు. "వస్తనని జెప్పు మీ మామకు" అంది.

"వస్తదట మామా" అన్నాను.

మామ తాడు వదిలేసి నా వైపు తిరిగాడు.

"మరి నువ్వు?" అన్నాడు.